పెండ్లి ప్రకటనకు ముందు ఒక రక్తపరీక్ష



అరకు, అనంతగిరి వైపునుండి విశాఖపట్నము పెద్దాసుపత్రికి వచ్చే బస్సులు పెందుర్తి దాటి మా గోపాలపట్నము మీదుగా పోతాయి. ఆ దారిని వచ్చే విశ్వాసుల చేతిసంచిలో మార్చుబట్టలతోపాటు ఆసుపత్రి కాగితములు కూడ ఉంటాయి. "అయ్యగారూ, ఇందులో ఏమున్నదో కాస్త చెప్పండి" అని సంఘకాపరి చేతికి రిపోర్టు అందించుట మన సంఘములలో క్రొత్తేమీ కాదు. అట్టి రిపోర్టులలో ఒకదాని మీద కొండల వరుసవలె లేచి దిగే ఒక గీత, దాని క్రింద కొన్ని అంకెలు, పైన "హెచ్.పి.ఎల్.సి." అనే అక్షరములు ఉంటాయి. ఈ నెల ఆ కాగితమును గూర్చి వ్రాయుచున్నాను. ఎందుకనగా దానిమీద పుట్టబోయే బిడ్డల ఆరోగ్యము, పెండ్లి కావలసిన పిల్లల భవిష్యత్తు, కొన్నిసార్లు ఒక ఆడబిడ్డ కాపురము ఆధారపడియున్నవి.

కొడవలివంటి కణము

మన రక్తములోని ఎర్రకణములు గుండ్రముగా, మెత్తగా ఉంటాయి. వెండ్రుకకంటె సన్నని నాళములలోకూడ అవి వంగి, ఒదిగి జారిపోతాయి. వాటినిండ హిమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థమున్నది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎక్కించుకొని శరీరమంతటికి మోసుకొనిపోయేది అదే. కొందరిలో ఈ హిమోగ్లోబిన్ పుట్టుకతోనే కొంచెము తేడాగా తయారవుతుంది. ప్రాణవాయువును విడిచిన వెంటనే అది లోపల కర్రలవలె బిగుసుకొని, కణమును కోతకొడవలి ఆకారమునకు వంచివేస్తుంది. అందుకే దీనికి సికిల్ సెల్ వ్యాధి అని పేరు వచ్చినది.

కొడవలి కణము సన్నని నాళములో అడ్డుపడితే దాని వెనుకనున్న రక్తము నిలిచిపోతుంది. కీళ్లలో, వీపులో, రొమ్ములో భరించలేని నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణము సుమారు 120 దినములు బ్రతుకుతుంది. కొడవలి కణము 10 నుండి 20 దినములకే చితికిపోతుంది. గనుక బిడ్డ ఎప్పుడును పాలిపోయి, నీరసముగా ఉంటాడు. కండ్లు పచ్చబడతాయి. ఇంటివారు పచ్చకామెర్లని తలంచి పసరు పోయిస్తారు. నొప్పితో మెలికలు తిరిగితే చిల్లంగి పెట్టారని భూతవైద్యుని పిలుస్తారు. మరికొందరు ఉత్త రక్తహీనత అనుకొని ఐరన్ మాత్రలతో సరిపెడతారు. ఇట్లు సంవత్సరములు గడిచిపోతాయి.

షికాగోలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు 1910లో ఇట్టి కణములను గూర్చి మొదట ప్రకటించెను. మన దేశములో 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులలో ఈ లక్షణమును కనుగొన్నారు. ఆ తరువాత మధ్య భారతమందును, ఒడిశా, ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతములందును అనేక తెగలలో ఇది ఉన్నట్లు తేలినది. కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించినది. పదిహేడు రాష్ట్రములలో నలువది సంవత్సరములలోపు వయస్సుగల ఏడు కోట్లమందిని పరీక్షించుట, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించుట దాని గురి. ఆ రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును ఉన్నవి.

ఒక్క పూస మారినందున

ఇంత బాధకు కారణము ఎంత చిన్నదో వింటే ఆశ్చర్యము కలుగుతుంది. మాంసకృత్తులన్నియు అమైనో ఆమ్లములనే పూసలు గ్రుచ్చిన దండలవంటివి. చిన్న దండను పెప్టైడ్ అంటారు. పెద్ద దండలు మడతపడి మాంసకృత్తులౌతాయి. హిమోగ్లోబిన్‌లో నాలుగు దండలున్నవి: రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా దండలో 146 పూసలు. వాటిలో ఆరవ స్థానములో గ్లుటామిక్ ఆమ్లమనే పూస ఉండవలసినచోట వేలిన్ అనే పూస వచ్చి చేరుతుంది. మిగిలిన 145 పూసలు సరిగానే ఉన్నవి! ఆ ఒక్క మార్పు చాలు.

1949లో లైనస్ పాలింగ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ వ్యాధిగలవారి హిమోగ్లోబిన్‌లోని విద్యుదావేశము మామూలు వారిదానికంటె వేరుగా ఉన్నదని చూపించారు. 1956-57 సంవత్సరములలో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ హిమోగ్లోబిన్‌ను చిన్న పెప్టైడ్ ముక్కలుగా కోసి, కాగితముమీద ఒకదానినుండి ఒకటి విడదీసి చూచెను. రెండు రక్తముల ముక్కలన్నియు ఒకే తీరుగా ఉండగా, ఒక్క ముక్క మాత్రము తన చోటు తప్పి కనబడెను. మారిన పూస అందులోనే ఉన్నది.

స్టీలు గొట్టములో జరిగే పని

ముక్కలను విడదీసి గుర్తుపట్టే ఈ విద్యకు క్రొమటోగ్రఫీ అని పేరు. మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు 1900ల తొలి సంవత్సరములలో ఆకుల రసమును సుద్దపొడి నింపిన గాజుగొట్టముగుండ పోనిచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపు రంగులు విడివిడి పట్టెలుగా నిలిచినవి. మీ ఇంటి పిల్లలుకూడ ఇది చేయవచ్చును. అద్దుడు కాగితము ముక్కమీద నల్ల స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టి, కాగితము కొనను నీటిలో ముంచండి. నీరు పైకి ప్రాకేకొలది నలుపులో దాగిన నీలము, ఎరుపు, పసుపు వేరుపడతాయి. కాగితమును గట్టిగా అంటుకొనే రంగు వెనుకబడుతుంది. అంతగా అంటుకొననిది నీటితో ముందుకు సాగిపోతుంది.

ఆసుపత్రి యంత్రములో కాగితమునకు బదులు సన్నని స్టీలు గొట్టమున్నది. దానినిండ కంటికి ఆనని రెసిన్ గింజలు కూరియుంటారు. వాటికి ఋణ విద్యుదావేశముంటుంది. చేతినుండి ఊదారంగు మూతగల చిన్న సీసాలోనికి రెండు మిల్లీలీటర్ల రక్తము తీస్తారు. ఎర్రకణములను పగులగొట్టి లోని హిమోగ్లోబిన్‌ను నీటిలోనికి తెచ్చి, అందులో లేశమాత్రమును గొట్టములోనికి పంపుతారు. పంపు బలముగా ద్రవమును నెడుతుంటే హిమోగ్లోబిన్‌లు గింజలను పట్టుకొంటాయి. తరువాత ద్రవములో ఉప్పు క్రమక్రమముగా పెంచుతారు. పట్టు తక్కువగలది ముందుగా విడిపోయి బయటికి వస్తుంది. పట్టు గట్టిగలది ఆలస్యముగా వస్తుంది. కొడవలి హిమోగ్లోబిన్‌లో ఋణావేశముగల పూస పోయి, ఏ ఆవేశమును లేని పూస వచ్చినదిగదా! గనుక అది ఋణావేశముగల గింజలను మరింత గట్టిగా పట్టుకొని, మామూలుదానికంటె వెనుక బయటపడుతుంది. గొట్టము చివర ఒక దీపము వెలుగు, వచ్చినదాని రంగును కొలుస్తుంది. ఎంత పదార్థము వస్తే గీత అంత ఎత్తు లేస్తుంది. మనము కాగితముమీద చూచే కొండలు ఇవే. చాల యంత్రములలో ఒక నమూనాకు ఆరేడు నిమిషములు చాలును.

ఇదే విద్య ఇంకను అనేక పనులకు వాడబడుతున్నది. ఎర్రకణములను వేరుచేయగా మిగిలే లేతపసుపు ద్రవమునకు ప్లాస్మా అని పేరు. అందులో ఇన్సులిన్ ఉన్నది. అది 51 పూసల దండ. ఇన్సులిన్ తయారైనప్పుడు దానితోపాటు విడుదలయ్యే సి-పెప్టైడ్‌లో 31 పూసలున్నవి. దానిని కొలిస్తే రోగి శరీరము స్వంతముగా ఇన్సులిన్ తయారుచేయుచున్నదో లేదో తెలియును. ఇట్టివాటిని ఆసుపత్రులలో ఎక్కువగా వేరే సులభ పద్ధతులతో కొలిచినను, మిక్కిలి ఖచ్చితము కావలసినచోట ఇట్టి గొట్టమునకు అణువుల బరువును తూచే యంత్రమును జతచేసి కొలుస్తారు. షుగరు రోగులు మూడు నెలలకొకసారి చేయించుకొనే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షనుకూడ అనేక ప్రయోగశాలలలో ఈ పద్ధతిలోనే చేస్తారు. షుగరు కొరకు చూడబోతే సికిల్ లక్షణము బయటపడిన సందర్భములు కలవు.

రిపోర్టును చదువుట

వైద్యుడే తీర్పు చెప్పవలెను. అయినను ఇంటివారు ముఖ్యమైన నాలుగు సంగతులు తెలిసికొని ఉండుట మంచిది.

మొదటిది: ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో "ఎ" అనే హిమోగ్లోబిన్ నూటికి సుమారు 95 పాళ్లు ఉంటుంది. "ఎ2" రెండు మూడు పాళ్లు, శిశువుదైన "ఎఫ్" బహు స్వల్పము. "ఎస్" అసలే ఉండదు.

రెండవది: ఎ ఎక్కువగాను, ఎస్ సుమారు 30 నుండి 40 పాళ్లుగాను కనబడితే అతడు వాహకుడు. తల్లి తండ్రులలో ఒకరినుండి మాత్రమే మారిన జన్యువు వచ్చినది. ఇతడు సాధారణముగా మామూలు మనిషివలె కష్టపడి బ్రతుకుతాడు. ఇతడు రోగి కాడు.

మూడవది: ఎ దాదాపు లేకుండ ఎస్ అధికముగా, కొంత ఎఫ్‌తో కనబడితే అది వ్యాధి. ఇరువురినుండియు మారిన జన్యువు వచ్చినది. చికిత్స ఆలస్యము చేయరాదు.

నాలుగవది: ఎస్ లేదు గాని ఎ2 నాలుగు పాళ్లు, అంతకు మించి ఉంటే బీటా తలసేమియా వాహకుడు కావచ్చును. ఇది కొండలలోనే గాక పల్లపు ఊళ్లలోను, పట్టణములలోను, అన్ని కులములలోను ఉన్నది.

ఈ నాలుగవ సంగతిని జాగ్రత్తగా గమనించండి. గ్రామములలో మొదట చేసే కరుగుడు పరీక్షలో రక్తపు చుక్కను మందునీటిలో కలుపుతారు. నీరు మబ్బుగా మారితే కొడవలి హిమోగ్లోబిన్ ఉన్నదని అర్థము. అది చవుకయైనది, త్వరగా తేలేది, మేలైనది. అయితే ఉన్నవాడు వాహకుడో రోగియో అది చెప్పలేదు. తలసేమియాను అసలే పట్టుకొనలేదు. అమ్మాయి సికిల్ వాహకురాలు, అబ్బాయి తలసేమియా వాహకుడు అనుకొందము. అబ్బాయికి కరుగుడు పరీక్ష చేస్తే "ఏమీ లేదు" అని వస్తుంది. ఇంటివారు నిశ్చింతగా పెండ్లి చేస్తారు. కాని వారి బిడ్డలలో కొందరికి రెండును కలిసి వచ్చి సికిల్ వ్యాధివంటి తీవ్రమైన వ్యాధి కలుగవచ్చును. ఇట్టి చిక్కును విప్పేది ఈ గొట్టపు పరీక్షే. కాబట్టి ఇద్దరికిని ఇదే చేయించవలెను.

కొన్ని జాగ్రత్తలున్నవి. గడచిన మూడు నెలలలో రక్తము ఎక్కించియుంటే అది ముందుగానే చెప్పండి. లేనియెడల దాత రక్తము కూడ కలిసి లెక్క తప్పుతుంది. ఐరన్ లోపము ఎక్కువగా ఉన్నవారిలో ఎ2 తగ్గి కనబడవచ్చును. చంటిబిడ్డలలో ఎఫ్ సహజముగానే ఎక్కువ. గనుక వారి రిపోర్టును వైద్యుడు వేరుగా చూచి, కొంతకాలమైన తరువాత మరల పరీక్ష చేయమనవచ్చును.

పెండ్లి మాటలలో

ఇద్దరు వాహకులు పెండ్లాడితే ప్రతి గర్భమునకును నాలుగింట ఒక వంతు బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశము, రెండు వంతులు వాహకుడయ్యే అవకాశము, ఒక వంతు ఏమియు లేకుండ పుట్టే అవకాశము ఉన్నవి. "మొదటివాడికి వచ్చేసింది, ఇక ముగ్గురికి భయము లేదు" అనుకొనరాదు. లెక్క ప్రతి గర్భమునకు మరల మొదటినుండి మొదలగును. ఒక్కరే వాహకుడై రెండవవారిలో ఏ లోపమును లేనియెడల బిడ్డలకు వ్యాధి రాదు. కొందరు వాహకులు కావచ్చును, అంతే.

మన ప్రాంతములో మేనరికములు ఎక్కువ. మేనమామకో, మేనత్త కొడుకుకో ఇచ్చినప్పుడు ఒకే తాతనుండి దిగిన మారిన జన్యువు ఇద్దరిలోను ఉండుటకు అవకాశము పెరుగుతుంది. అట్టి సంబంధములలో ఈ పరీక్ష మరింత అవసరము.

గర్భము వచ్చిన తరువాత మూడవ నెలలో బిడ్డను పరీక్షించే పద్ధతికూడ ఉన్నది. కాని ఆ వేళ తల్లిదండ్రుల ఎదుట నిలిచే ప్రశ్న ఎంత బరువైనదో చెప్పనవసరము లేదు. ప్రతి ప్రాణము దేవుని స్వాస్థ్యమని నమ్మే మనము ఆ బరువును ఇరువది ఏండ్ల దంపతుల భుజములమీద వేయుటకంటె, మాటలు కలుపుకొనకముందే రెండు మిల్లీలీటర్ల రక్తమిచ్చి తెలిసికొనుట ఎంత మేలు! తాంబూలములు మార్చుకొని, చుట్టాలందరికి చెప్పి, మూడు ఆదివారములు గుడిలో ప్రకటన చదివిన తరువాత తెలిస్తే సంబంధము నిలిపినా బాధయే, తప్పించినా బాధయే. పరీక్ష మాటలకు ముందే జరగవలెను. యవ్వనస్థుల కూటములలో, ఎవరికిని సంబంధములు చూడకముందే జరిగితే మరింత శ్రేష్ఠము.

ఇది ఎవరి పాపము?

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులు అడిగిన ప్రశ్న మనకు తెలుసు. తప్పు వానిదా, వాని కన్నవారిదా అని వారు విచారించారు. ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసి, వానియందు దేవుని పని కనబడవలసియున్నదని చెప్పి, వెంటనే ఆ పనికి పూనుకొనెను. యెహెజ్కేలు 18వ అధ్యాయములోకూడ తండ్రుల తప్పు పిల్లల పండ్లమీదికి వచ్చినదనే పాత సామెతను ఇశ్రాయేలులో ఇక పలుకవద్దని దేవుడు ఆజ్ఞాపించెను.

అయినను మన ఇండ్లలో ఆ సామెత ఇంకను నడుస్తూనే ఉన్నది. బిడ్డకు జబ్బని తేలగానే "మా వంశములో ఎవరికీ లేదు, నీ పుట్టింటినుండే తెచ్చావు" అని కోడలిని నిందిస్తారు. గొట్టములోనుండి వచ్చిన గీత ఆ మాట అబద్ధమని రుజువు చేస్తుంది. బిడ్డకు సికిల్ వ్యాధి ఉన్నదంటే సామాన్యముగా తల్లివైపునుండి ఒకటి, తండ్రివైపునుండి ఒకటి వచ్చియుండవలెను. అత్తగారు నింద వేసేముందు తన కుమారుని రిపోర్టు చూడవలెను.

ఈ లక్షణము కొండలలో ఎక్కువగా ఉండుటకు కూడ శాపము కారణము కాదు. 1954లో ఆంథొని అల్లిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి, వాహకులైన పిల్లలకు తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ ఉన్నదని చూపించెను. మలేరియా పీడించిన ప్రదేశములలో తరతరములుగా వాహకులు ఎక్కువగా బ్రతికి బట్టకట్టారు. మన ఏజెన్సీ మలేరియా సంగతి ఎవరికి తెలియదు? ఒకనాడు పూర్వికుల ప్రాణము కాపాడినదే, రెండు వైపులనుండి కలిసినప్పుడు మనుమల ఎముకలలో నొప్పి అగుచున్నది. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు.

ప్రార్థన, మాత్ర

వ్యాధి ఉన్నదని తేలినవారు దిగులుపడి కూర్చుండనక్కరలేదు. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర అనేకులలో నొప్పులను, ఆసుపత్రిలో చేరవలసిన అవసరమును తగ్గిస్తున్నది. దానిని వైద్యుని సలహాతో, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకొంటూ వాడవలెను. ఫోలిక్ ఆమ్లము మాత్రలు, చిన్నపిల్లలకు పెన్సిలిన్, నిమోనియా టీకాలు అవసరము. నీళ్లు బాగా త్రాగించండి, చలిలో తడవనీయకండి. జ్వరము వస్తే, ఊపిరి అందకపోతే, ఎడమ ప్రక్క కడుపు ఉబ్బితే తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపొండి. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములో సికిల్ సెల్ వ్యాధి కూడ చేర్చబడినది. ధ్రువపత్రము, సహాయములను గూర్చి గ్రామ సచివాలయములో అడిగి తెలిసికొనండి.

స్వస్థత కూటమునుండి వచ్చి మాత్రలు పారవేసే విశ్వాసులతో ఒక మాట. హిజ్కియా స్వస్థపడునని దేవుడు వాగ్దానమిచ్చిన తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయించెను. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. ప్రార్థించే చేతితోనే మాత్ర అందించుట అవిశ్వాసము కాదు. మాత్ర మానవలెనా వద్దా అనేది మరల రక్తపరీక్ష చేసిన వైద్యుడే చెప్పవలెను.

సంఘము చేయదగిన పనులు

1. వివాహ ప్రకటన చదువకముందు కాపరి వధూవరులిద్దరిని పరీక్ష చేయించుకొనుటకు ప్రోత్సహించవలెను. బలవంతము వద్దు, వివరించి చెప్పుట చాలును.

2. ఆ రిపోర్టు ఆ ఇద్దరిది. కాపరి గాని, పెద్దలు గాని దానిని బయట పెట్టరాదు. ఒక్కసారి గుట్టు బయటపడితే మరి ఎవరును పరీక్షకు రారు.

3. ఆరోగ్య సిబ్బంది పరీక్షలకు ఊరికి వచ్చినప్పుడు గుడి ఆవరణమును, గుడి గంటను వారికివ్వండి. వారిచ్చే కార్డును బాప్తిస్మపు పత్రమువలె భద్రపరచుకొనండి.

4. స్త్రీల సమాజము వారు వ్యాధిగల బిడ్డల తల్లులను దర్శించవలెను. బిడ్డను చూచుకొనుటకు ఒక రోజు కూలి మానుకొన్న ఇంటికి ఒక సోలెడు బియ్యము గొప్ప పరిచర్య.

5. వాహకులని తెలిసిన పిల్లలను పెండ్లికి పనికిరానివారని త్రోసివేయరాదు. వారికి కావలసినది వాహకుడు కాని జత మాత్రమే.

ఇద్దరు వాహకులు ఇదివరకే దంపతులైయుంటే వారిని విడదీయుటకు ఈ కాగితము ఆధారము కాదు. దేవుడు జతపరచినవారిని నిలువబెట్టుట, వారి బిడ్డలను తొందరగా పరీక్షకు పంపుట, చికిత్సలో తోడుండుట సంఘము పని.

ఒక్క పూస మారినందున ఎముకలు అరిగే బిడ్డలు మన గుడిచాపలమీద కూర్చుండి పాటలు పాడుచున్నారు. వారిలో కొందరి జబ్బుకు ఇంకను పేరు తెలియదు. ఈ సంవత్సరము మీ సంఘములో పెండ్లీడుకు వచ్చిన పిల్లలెందరో లెక్కించండి. ఆ జాబితాను మీ ఊరి ఆరోగ్య కార్యకర్తకు చూపించి, పరీక్షకు ఒక దినము ఏర్పాటు చేసికొనండి. మన కుటుంబములలో పుట్టబోయే ప్రతి బిడ్డను దేవుడు ఆరోగ్యముతో దీవించును గాక. ఆమేన్.